ముంబై స్లాట్లను విమానాలతో కాదు, సీట్లతో లెక్కించండి: పౌర విమానయాన శాఖకు బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులకు, ముంబై, ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాల్లో స్లాట్లు (విమానం దిగే, ఎగిరే వేళలు) కేటాయించే బృందాలకు, స్వదేశీ రూట్లలో పెద్ద విమానాలు నడుపుతున్న సంస్థల షెడ్యూలింగ్ విభాగాలకు,

నమస్కారం.

పండుగలప్పుడు, పెళ్ళిళ్ళ సీజనులో ఢిల్లీ–ముంబై, హైదరాబాద్–ముంబై టికెట్ల ధరలు కొండెక్కగానే అందరి నోటా ఒకటే మాట: పెద్ద విమానం వేయండి. వేసిన సందర్భాలూ ఉన్నాయి. 2018 పండుగ రోజుల్లో ఎయిర్ ఇండియా 423 సీట్ల జంబోను ఢిల్లీ నుంచి కోల్‌కతాకు, ముంబైకి తిప్పింది. 2024 జనవరి 22న తన కొత్త పెద్ద విమానం ఎ350ని ముందుగా బెంగళూరు–ముంబై రూట్లో దింపి, తర్వాత హైదరాబాద్, చెన్నై, ఢిల్లీలకూ నడిపింది. కొత్త రకం విమానం మీద పైలట్లకు తక్కువ రోజుల్లో ఎక్కువ టేకాఫ్‌లు, ల్యాండింగ్‌లు సమకూరాలంటే దగ్గరి రూట్లే అనువు కాబట్టి అది సబబైన పనే. రద్దీకి మందు మాత్రం అది కాదు.

ఈ లేఖ రాస్తున్న మేము ర్యాంపు (విమానాలు నిలిచే ఆవరణ) మీద, విమానం బరువు లెక్కలు చూసే లోడ్ కంట్రోల్లో, స్లాటు షెడ్యూళ్ళ దగ్గర పనిచేసేవాళ్ళం. ముంబై లాంటి చోట పెద్ద విమానం నిజంగా అక్కరకొస్తుందన్నదే మా అభిప్రాయం. కాకపోతే విదేశీ రూటు కోసం కొన్న విమానాన్ని రెండు విదేశీ ట్రిప్పుల నడుమ దొరికిన ఖాళీలో ఇటు తిప్పితే ఒరిగేది తక్కువ. స్లాటు నిబంధన, స్టాండు (విమానం నిలిపే చోటు), క్యాబిన్, లగేజీ ఏర్పాటు మారకుండా విమానం సైజు ఒక్కటే పెంచితే, రన్‌వే మీద ఆదా చేసింది స్టాండు దగ్గర పోతుంది.

ముందు రన్‌వే సంగతి. ముంబైలో రన్‌వేలు రెండున్నా ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. రెండింటినీ ఒకేసారి నడపలేరు కాబట్టి ఆచరణలో అది ఒంటి రన్‌వే విమానాశ్రయమే. 2023 నవంబరు 11న అక్కడ 24 గంటల్లో రాకపోకలు 1,032. రద్దీ వేళల్లో గంటకు 46 దాకా నడిపేవాళ్ళు. గాల్లో చక్కర్లు, ఆలస్యాలు పెరిగిపోతున్నాయని 2024 ఫిబ్రవరిలో దాన్ని 44కి తగ్గించారు. దిగేవీ ఎగిరేవీ ఒకే పట్టీ మీద ఒకదాని వెనక ఒకటి సాగుతాయి. గంటకు 46 అంటే 23 దిగాలి, 23 ఎగరాలి. దిగే రెండు విమానాల మధ్య సుమారు 156 సెకన్లు. దిగే ముందు చివరి అప్రోచ్‌లో 140 నాట్ల (గంటకు 140 నాటికల్ మైళ్ళ) వేగం అనుకుంటే అది 6 నాటికల్ మైళ్ళ దూరం (ఈ లేఖలో మైళ్ళన్నీ నాటికల్ మైళ్ళే). ఆ సందులోనే ఇంకొకటి ఎగిరిపోవాలి.

ఇక సుడిగాలి నిబంధన. గరిష్ఠ టేకాఫ్ బరువు 136 టన్నులు గానీ అంతకు మించి గానీ ఉంటే దాన్ని హెవీ అంటారు; ఎ320, ఎ321, 737 లాంటి చిన్న విమానాలు మీడియం. హెవీ రెక్కల కొసల నుంచి లేచే సుడులు వెనక వచ్చే చిన్న విమానాన్ని పక్కకు ఒరిగించేయగలవు. అందుకని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో మూడు వర్గాల పట్టిక ప్రకారం హెవీ వెనక మీడియం 5 మైళ్ళు, హెవీ వెనక హెవీ 4 మైళ్ళు ఎడం పాటించాలి. మీడియం వెనక మీడియంకు రాడార్ కనీస దూరం 3 మైళ్ళు చాలు. 140 నాట్ల దగ్గర 3 మైళ్ళంటే 77 సెకన్లు, 5 మైళ్ళంటే 129 సెకన్లు.

ముంబైలో టేకాఫ్ కోసం ఎలాగూ 6 మైళ్ళు వదులుతున్నారు కదా, 5 మైళ్ళ నిబంధన అందులోనే ఇమిడిపోతుంది. టేకాఫ్‌లో హెవీ వెనక మీడియం 2 నిమిషాలు ఆగాలి. అక్కడ రెండు టేకాఫ్‌ల మధ్య అంతకన్నా ఎక్కువే ఉంటోంది. అంటే ముంబైలో పెద్ద విమానం వాడుకునేది కూడా ఒక్క స్లాటే. పెద్ద విమానం రన్‌వే సామర్థ్యాన్ని తినేస్తుందని కొట్టిపారేసేవాళ్ళు ఈ మెలిక గమనించరు. శంషాబాద్‌కూ ఇదే వర్తిస్తుంది: అక్కడి రెండో పట్టీ మామూలు రోజుల్లో ట్యాక్సీవే (విమానాలు నేల మీద నడిచే దారి), రాకపోకలన్నీ 4,260 మీటర్ల ప్రధాన రన్‌వే మీదే. అసలు జాగ్రత్త పడాల్సింది రన్‌వే ఖాళీ చేయడం దగ్గర. హెవీ తనకు అనువైన ఎగ్జిట్ (రన్‌వే నుంచి పక్కకు తిరిగే దారి) దాటిపోయి తర్వాతి దాని దాకా పరుగెత్తితే పది పదిహేను సెకన్లు పోతాయి. సందులో ఎగరాల్సిన విమానం ఆగిపోతుంది, దాని వెనక క్యూ మొత్తం జరుగుతుంది. కాబట్టి ఏ రకం విమానం ఏ ఎగ్జిట్ పట్టాలో సంస్థలు బ్రీఫింగ్‌లోనే రాసివ్వాలి. ఆటోబ్రేక్ సెట్టింగు దాన్ని బట్టే ఎంచుకోవాలి.

ఢిల్లీ సంగతి వేరు. 2023 జులైలో నాలుగో రన్‌వే వచ్చాక దిగడానికీ ఎగరడానికీ వేర్వేరు పట్టీలు కేటాయించే వెసులుబాటు పెరిగింది. దిగడానికి మాత్రమే వాడే పట్టీ మీద మీడియంలు 3 మైళ్ళ ఎడంతో రాగలవు. మధ్యలో హెవీ దూరితే వెనక 5 మైళ్ళు వదలాలి. ఆకాశంలో ఒక్కో మైలుకు ఎన్ని సీట్లు దిగుతున్నాయో భాగించి చూడండి. 186 సీట్ల ఎ320నియోకు 62. 232 సీట్ల ఎ321నియోకు 77. హెవీ అయిన 316 సీట్ల ఎ350కి 5 మైళ్ళు కాబట్టి 63! విదేశీ క్యాబిన్‌తో ఉన్న ఎ350 ఢిల్లీలో దిగే వరుస మీద ఎ320తో సమానం, ఎ321 కంటే తక్కువ. ఇదే హెవీ 429 సీట్లతో వస్తే 86. ఐరోపాలో వాడే కొత్త వర్గీకరణలో ఎ350, 787ల వెనక ఎ320 కుటుంబానికి 4 మైళ్ళే. అప్పుడు పై అంకెల్లో 63, 86 కాస్తా 79, 107 అవుతాయి. పాత పట్టికతో నడుస్తున్న ప్రతి చోటా దీన్ని పరిశీలించమని కోరుతున్నాం. పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది మరొకటుంది: మూడు హెవీలను విడివిడిగా దించితే వాటివల్ల అదనంగా పోయేది 6 మైళ్ళు, ఒకదాని వెనక ఒకటిగా దించితే 4.

శీతకాలం పొగమంచులో మాత్రం ఢిల్లీలోనూ లెక్క తిరగబడుతుంది. దృశ్యమానత పడిపోయినప్పుడు దిగే విమానానికి దారి చూపే ఐఎల్ఎస్ రేడియో సంకేతానికి అడ్డు రాకూడదని అందరికీ ఎడం పెంచేస్తారు. సుడిగాలి నిబంధన అందులో కలిసిపోతుంది, గంటకు దిగే విమానాల సంఖ్య తగ్గిపోతుంది. డిసెంబరు, జనవరి ఉదయాల్లో ఒక్కో ల్యాండింగ్‌కు 186 మంది బదులు 400 మంది దిగడమంటే ఎంత తేడానో వేరే చెప్పక్కర్లేదు.

ఎ380 మాటా వస్తుంటుంది. ఎమిరేట్స్ 2019 జులై 1 నుంచి దుబాయ్–మస్కట్ మధ్య ఎ380 నడిపింది, గాల్లో గంట కూడా ఉండని రూటు. మన స్వదేశీ రద్దీకి అది పనికిరాదు. మూడు వర్గాల పట్టికకు పైన దానికి విడిగా సూపర్ వర్గం పెట్టారు. దాని వెనక మీడియం 7 మైళ్ళు, అంటే 180 సెకన్లు ఆగాలనుకుంటే ముంబై 156 సెకన్ల సందులో అది పట్టదు. రెక్కల వెడల్పు దాదాపు 80 మీటర్లు కావడంతో స్టాండ్లూ దొరకవు. మనం మాట్లాడుకోవాల్సింది 787, ఎ330, ఎ350, 777ల గురించే.

ఇప్పుడు క్యాబిన్. ఖాళీ విమానం బరువును సీట్లతో భాగిస్తే చాలా విషయాలు బయటపడతాయి. ఎ321నియో సుమారు 50 టన్నులు, 232 సీట్లు: సీటుకు 215 కిలోలు. ఎ350-900 సుమారు 142 టన్నులు, 316 సీట్లు: సీటుకు 450 కిలోలు. ఆ అదనపు బరువంతా పదిహేను గంటలు ఎగరడానికి కావలసిన రెక్క, ట్యాంకులు, చక్రాల గేర్, పడకసీట్లు, గ్యాలీలు (వంట అరలు). రెండు గంటల ప్రయాణంలో ప్రయాణికుడికి వాటితో పని లేదు, ఇంధనం బిల్లు మాత్రం వాటిని మోసినందుకూ కట్టాలి. స్లీపర్ బస్సును సిటీ రూట్లో తిప్పినట్టు అవుతుంది. జపాన్‌లో ఏఎన్ఏ సంస్థ స్వదేశీ రూట్లకు వాడే 787-10లో 429 సీట్లు. సీటుకు సుమారు 316 కిలోలు. ఎ321 కంటే అదీ బరువే. పెద్ద విమానం ఇంధనం పొదుపు చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి, దగ్గరి రూట్లో అది పొదుపు చేసేది స్లాటును. స్లాటు కరువైన చోట, కరువైన గంటలో మాత్రమే దానికి అర్థముంది.

ఈ మాట కొత్తదేం కాదు. 1974 మేలో ఎ300 తొలి సర్వీసు ప్యారిస్–లండన్, దగ్గరి రద్దీ రూటు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1976లోనే ఎ300 తెచ్చుకుంది. మన పెద్దవాళ్ళు ఎయిర్‌బస్ అని ప్రత్యేకంగా చెప్పుకునేది దాన్నే. జపాన్ ఇంకా ముందుకెళ్ళింది. బోయింగ్ చేత దగ్గరి రూట్ల 747 తయారు చేయించుకుని 1973 అక్టోబరులో టోక్యోలోని హనేడా విమానాశ్రయం నుంచి ఒకినావాకు మొదలుపెట్టింది. పేరు 747ఎస్‌ఆర్. మామూలు 747ను ఇరవై ఏళ్ళలో 24,600 ట్రిప్పులకు డిజైన్ చేస్తే, దీన్ని 52,000 ట్రిప్పులకు తట్టుకునేలా బలపరిచారు. 1991లో వచ్చిన 747-400డీకి రెక్క చివర పొడిగింపు, వింగ్‌లెట్లు (పైకి వంచిన రెక్క కొసలు) తీసేశారు. దగ్గరి రూట్లో వాటివల్ల వచ్చే ఆదా స్వల్పం, బరువు మాత్రం ఖాయం. సీట్లు 560 పైచిలుకు. సౌదియా తీసుకున్న ఎ330 రీజనల్‌దీ అదే దారి: 242 టన్నుల విమానాన్ని 199 టన్నులకు దించి, ఇంజన్ల థ్రస్టు తగ్గించి నడపడం.

హనేడా 747ల కథలో మనం పట్టించుకోని భాగం దాని ముగింపు. 2010 అక్టోబరులో అక్కడ నాలుగో రన్‌వే తెరిచారు. స్లాట్లు పెరిగాయి. 2011 మార్చికి జపాన్ ఎయిర్‌లైన్స్ (జేఏఎల్), 2014 మార్చి 31కి ఏఎన్ఏ తమ చివరి 747లను పక్కనపెట్టాయి. ఒసాకాలోని ఇటామి 2006లోనే శబ్దం కారణంగా మూడు, నాలుగు ఇంజన్ల జెట్లను రానివ్వడం మానేసింది. 747ల నిష్క్రమణకు ఇంధనం ధర, జేఏఎల్ దివాలా కూడా కారణాలే. అయినా స్లాటు కొరత తగ్గడంతోనే పెద్ద విమానం అవసరమూ తగ్గింది. నవీ ముంబైలో 2025 డిసెంబరు 25న విమానాలు మొదలయ్యాయి, తొలి దశ సామర్థ్యం ఏడాదికి 2 కోట్ల మంది. కాబట్టి మేము అడిగే ఏర్పాటుకు గడువు తేదీ ఉండాలి. ఉన్న రన్‌వే ఉదయం 6–9, సాయంత్రం 6–9 గంటల్లో నిండిపోయినంత కాలమే అది నడవాలి.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తగిలేది స్టాండు దగ్గర. ఎ320, ఎ321లకు 36 మీటర్ల లోపు రెక్కల వెడల్పు కోడ్ సి స్టాండు సరిపోతుంది. 787 వెడల్పు 60 మీటర్లు, ఎ350, 777-300ఈఆర్‌లది దాదాపు 65. వాటికి కోడ్ ఇ కావాలి. చాలా చోట్ల ఒక కోడ్ ఇ స్టాండు అంటే పక్కపక్కనే ఉన్న రెండు కోడ్ సి స్టాండ్లు కలిపినదే. పెద్దది ఒకటి నిలిస్తే చిన్నవి రెండు ఆగలేవు. రెండు ఎ321లు తలా 40 నిమిషాలు నిలిస్తే 80 స్టాండు నిమిషాల్లో 464 సీట్లు కదులుతాయి. పెద్ద విమానం ఆ రెండు స్టాండ్ల చోటులో గంట నిలిస్తే 120 స్టాండు నిమిషాలు. విదేశీ అలవాటు ప్రకారం తొంభై నిమిషాలు నిలిస్తే 180 స్టాండు నిమిషాలు, కదిలేది 316 సీట్లు. ముంబైలో రన్‌వేకి ఉన్నంత కరువు స్టాండ్లకూ ఉంది. గంటలో తిప్పి పంపలేని పెద్ద విమానాన్ని రద్దీ వేళల్లో రానివ్వకపోవడమే మేలు.

గంటలో తిప్పడం సాధ్యమే, జపాన్‌లో గంట అటూఇటూగా రోజూ జరిగే పనే. దానికి మొదటి షరతు రెండు ఏరోబ్రిడ్జిలు (టెర్మినల్‌ను విమానం తలుపుతో కలిపే వంతెనలు), ఎడమవైపు మొదటి, రెండో తలుపులకు. ఒక తలుపు నుంచి నిమిషానికి ఇరవై మంది దాకా దిగుతారు, ఎక్కేటప్పుడు పది పన్నెండు మందికి మించి సాగదు, ఎందుకంటే నడవలో బ్యాగు పైకెత్తే మనిషి వెనక అందరూ ఆగాలి. రెండు తలుపులైతే 430 మంది దిగడానికి 11 నిమిషాలు, ఎక్కడానికి 20. మధ్యలో శుభ్రం చేయడానికి, భద్రతా తనిఖీకి 14. తలుపులు తెరవడం, లోడ్‌షీట్ (బరువుల పత్రం), తల లెక్క, పుష్‌బ్యాక్ ట్రాక్టరు తగిలించడం కలిపి ఇంకో ఏడెనిమిది. మొత్తం 53 దగ్గర తేలుతుంది. ఒక్క బ్రిడ్జే ఇస్తే దిగడానికి 22, ఎక్కడానికి 39. మొత్తం 80 దాటుతుంది. ఇక బ్రిడ్జి లేని రిమోట్ స్టాండుకు పంపారంటే, బస్సుకు 60 మంది చొప్పున 430 మందికి ఎనిమిది ట్రిప్పులు, చివరి బస్సు కోసం విమానం మొత్తం ఎదురుచూపు.

చిక్కెక్కడంటే, రెండు బ్రిడ్జిల గేట్లు సాధారణంగా విదేశీ ప్రయాణికుల వైపు ఉంటాయి. స్వదేశీ వైపు వచ్చిన పెద్ద విమానానికి స్వదేశీ, విదేశీ రెండిటికీ మార్చి వాడుకునే స్వింగ్ గేటు దొరకాలి. విదేశీ విమానాలు గుంపుగా వచ్చే వేళ అది దొరకదు, అప్పుడు రిమోట్ స్టాండే గతి. అందుకే స్టాండు ఖరారు కాకుండా పెద్ద విమానానికి స్లాటు ఇవ్వకూడదు. స్లాటు, స్టాండు, గేటు మూడూ ఒకే కాగితం మీద ఖాయం కావాలి. కొత్తగా కట్టే ప్రతి టెర్మినల్లోనూ స్వదేశీ వైపు కనీసం రెండు స్టాండ్లకైనా రెండేసి బ్రిడ్జిల పునాదులు ముందే వేయించండి. తర్వాత తవ్వడం ఎంత కష్టమో ర్యాంపు కాంక్రీటు పగలగొట్టినవాళ్ళకు తెలుసు.

విదేశం నుంచి వచ్చిన విమానాన్నే స్వదేశీ ట్రిప్పుకు మార్చేటప్పుడు ఇంకో ఆలస్యం తోడవుతుంది. కస్టమ్స్ సోదా, సుంకం లేని సరుకున్న బార్ కార్టులకు సీళ్ళు, ట్యాంకుల్లో మిగిలిన ఇంధనం మీద సుంకం లెక్క. వీటిలో ఒక్క సంతకం ఆలస్యమైనా గంటలో తిప్పి పంపడం (టర్న్‌అరౌండ్) కల్ల. రద్దీ గంటల స్లాట్లలో ఇలా మార్పిడి విమానాలను అనుమతించవద్దు. రోజంతా స్వదేశీలోనే తిరిగే విమానానికే ఆ స్లాటు ఇవ్వండి. పొద్దున ఆలస్యంగా దిగిన లండన్ విమానం వల్ల ముంబై సాయంత్రపు వరుస చెడకూడదు.

లగేజీ గురించి సంస్థలు ఆలోచించేది ఆఖర్న, ప్రయాణికుడు తిట్టుకునేది మొదట. చాలా ఎ320లలో సూట్‌కేసులను కూలీలు చేత్తో పేరుస్తారు. పెద్ద విమానంలో ఎల్‌డీ3 కంటెయినర్లు. కంటెయినర్‌కు 35–40 బ్యాగులు పడతాయి. 430 మందిలో నూటికి 80 మంది ఒక్కో బ్యాగు ఇస్తే 344 బ్యాగులు, తొమ్మిది కంటెయినర్లు. ఒక్క లోడరుతో (కంటెయినర్లు ఎత్తే యంత్రం) ఒక్కో కంటెయినర్‌కు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు వేసుకున్నా, తొమ్మిది దించి తొమ్మిది ఎక్కించడానికి 27 నుంచి 36 నిమిషాలు పడుతుంది. ముందున్న సామాను గదికి (హోల్డు) ఒకటి, వెనక హోల్డుకొకటి, రెండు లోడర్లు ఉంటే కుదురుతుంది. అసలు ఇబ్బంది ఖాళీ కంటెయినర్లది. ఒక వైపు ట్రిప్పులు ఎక్కువై అన్నీ ముంబైలో పోగుపడితే ఢిల్లీలో బ్యాగులు నేల మీద ఉండిపోతాయి. ప్రతి ఊళ్ళో ఒక విమానానికి సరిపడా కంటెయినర్లకు తోడు మరో సగం అదనంగా ఉంచాలి. దిగిన చోట కూడా చిన్న విమానాల కోసం వేసిన 40 మీటర్ల బెల్టు మీద 344 బ్యాగులు తిరిగితే ఒకదాని మీద ఒకటెక్కి పడిపోతాయి. 70 మీటర్లకు మించిన బెల్టు ఇవ్వాలి. లేదా రెండు బెల్టులిచ్చి, వరుస నంబర్లను బట్టి కంటెయినర్లు విడగొట్టాలి. ఆ విడగొట్టడం ఎక్కించే ఊళ్ళోనే జరగాలి, దిగాక కుదరదు.

డీజీసీఏ చూడాల్సినవి రెండున్నాయి. ఒకటి బ్రేకులు. ఇంధనం మీద వ్యాట్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉండటంతో చవక ఊళ్ళో రెండు వైపులకూ నింపుకుని వచ్చే అలవాటు ఉంది. దానివల్ల టర్న్‌అరౌండ్‌లో నింపే సమయం మిగులుతుంది, దిగే బరువు పెరుగుతుంది. ఎగ్జిట్ పట్టాలని గట్టిగా బ్రేకు వేస్తే కార్బన్ డిస్కులు కాగిపోతాయి. ఎయిర్‌బస్ ఎ320లో ఫ్యాన్లు నడవనప్పుడు 300 డిగ్రీల పైన టేకాఫ్ మొదలుపెట్టకూడదు. పెద్ద రకాలకూ ఇలాంటి పరిమితులే. మే నెల శంషాబాద్ ఎండలో గంట విరామంలో ఆ వేడి దిగకపోవచ్చు. బ్రేకు ఫ్యాన్లు ఆప్షనల్ పరికరం. రోజుకు ఆరు ట్రిప్పులు తిరిగే పెద్ద విమానానికి వాటిని తప్పనిసరి చేయండి.

రెండోది సైకిళ్ళు, అంటే విమానం ఎగిరి దిగిన ట్రిప్పుల లెక్క. విదేశీ రూట్లో రోజుకు రెండు ట్రిప్పులు వేసే విమానం ఏడాదికి 700 సార్లు ఎగిరితే, స్వదేశీలో రోజుకు ఆరు వేసేది 2,100 దాటుతుంది. క్యాబిన్‌లోకి గాలి ఎక్కించి దించిన ప్రతిసారీ విమానం ఒంటికి ఒక సాగుడు. ఇంజన్ డిస్కుల ఆయుష్షు గంటల్లో కాదు, సైకిళ్ళలోనే కొలుస్తారు. 787ను 44,000 సైకిళ్ళ లక్ష్యంతో డిజైన్ చేశారు కాబట్టి నిర్మాణానికి భయం లేదు. మరమ్మతుల చరిత్ర దగ్గరే భయమంతా. 1985 ఆగస్టు 12న హనేడా నుంచి ఇటామికి బయల్దేరిన జేఏఎల్ 123 ఒక 747ఎస్‌ఆర్. 1978లో ఇటామిలో దాని తోక నేలకు రాసుకుంది. క్యాబిన్ గాలి ఒత్తిడిని ఆపే వెనక గోడ (ప్రెజర్ బల్క్‌హెడ్) మరమ్మతులో ఒకే ముక్కగా ఉండాల్సిన అతుకు పలకను రెండు ముక్కలు చేసి వేశారు. రెండు వరుసల రివెట్లు మోయాల్సిన భారం ఒక వరుస మీద పడింది. ఆ తర్వాత పన్నెండు వేలకు పైగా ట్రిప్పులు తట్టుకుని, చివరికి తెగింది. 520 మంది పోయారు. అదే అతుకు విదేశీ రూట్లో తిరిగే విమానంలో ఉంటే అన్ని సైకిళ్ళు నిండడానికి పదిహేనేళ్ళకు పైగా పట్టేది, ఈలోగా ఎన్నో పెద్ద తనిఖీలు జరిగేవి. ఎక్కువ కాలం విదేశీ రూట్లో తిరిగి స్వదేశీకి మారే ప్రతి విమానానికీ ప్రెజర్ భాగాల మీద జరిగిన మరమ్మతులన్నీ మళ్ళీ తెరిచి చూడాలి. తనిఖీ గడువులను క్యాలెండరుతో పాటు సైకిళ్ళకూ ముడిపెట్టాలి. ఇందులో బేరానికి తావులేదు.

సంస్థలు పెద్ద విమానం వేయకపోవడానికి మూల కారణం మాత్రం స్లాటు నిబంధనలోనే ఉంది. కేటాయించిన స్లాటును సీజనులో 80 శాతం వాడితేనే వచ్చే ఏడాది అదే సీజనుకు దాని మీద హక్కు. ఏడింటికి ఒకటి, ఏడూ ఇరవైకి ఒకటి 186 సీట్ల విమానాలు నడిపే సంస్థ ఆ రెండింటి బదులు 429 సీట్లది ఒకటి వేస్తే, మిగిలిన స్లాటు పోటీ సంస్థకు పోతుంది. ఎవరు వేస్తారు? స్లాటు గుప్పిట్లో పెట్టుకోవడానికే చిన్న విమానాలు తిప్పుతున్న సందర్భాలు తక్కువేం కాదు.

కాబట్టి మేము కోరేది ఇది. ఒకే సంస్థవి, ఒకే రూట్లో, అరవై నిమిషాల లోపు బయల్దేరే రెండు విమానాలను కలిపి ఒకటి చేస్తే, వదిలిన స్లాటు మీద హక్కును నాలుగు సీజన్లు కాపాడండి. ఆ నాలుగు సీజన్లలో దాన్ని ముంబైకి సర్వీసు లేని, తక్కువ ఉన్న ఊళ్ళ విమానాలకు తాత్కాలికంగా ఇవ్వండి. తిరుపతి, రాజమహేంద్రవరం, కర్నూలు లాంటివి ఆ వరుసలో ఉంటాయి. కలిపిన విమానంలో సీట్లు రెండు పాత విమానాల మొత్తానికి తగ్గకూడదు. 186, 186 కలిపితే 372 కాబట్టి 316 సీట్ల విదేశీ క్యాబిన్‌కు ఈ రాయితీ వర్తించదు. గంటకొక విమానం కావాలనుకునే ఉద్యోగులకు, వ్యాపారులకు నష్టం లేదు. ఇరవై నిమిషాల తేడాతో వెళ్ళే జంటలే తగ్గుతాయి. ల్యాండింగ్ ఛార్జీ టన్నుల మీద వేస్తారు కాబట్టి, స్వదేశీకే పరిమితమై గరిష్ఠ టేకాఫ్ బరువు తగ్గించుకుని నమోదైన విమానానికి ఆ తగ్గిన బరువు మీదే ఛార్జీ వేయండి.

విమానం మొరాయిస్తే ఏమిటన్న ప్రశ్న సహజం. 429 మంది ఒకేసారి నిలిచిపోతారు, ఖాళీగా ఉన్న మరో పెద్ద విమానం ఎక్కడా దొరకదు. అందుకే ఈ స్లాటు తీసుకున్న సంస్థ రద్దీ వేళల్లో రెండు ఎ321లను గానీ, వాటికి సరిపడా సీట్లను తన మిగతా విమానాల్లో గానీ చూపించగలగాలి. ఒక పెద్ద విమానం బదులు రెండు చిన్నవి పంపాల్సి వస్తే రెండో దానికి అప్పటికప్పుడు స్లాటు ఇచ్చే అధికారం విమానాశ్రయ డ్యూటీ మేనేజరుకు ఉండాలి. ఈ ఒక్క అధికారం లేకపోతే మిగతా ఏర్పాటంతా మొదటి సాంకేతిక లోపంతోనే కూలబడుతుంది.

అక్టోబరు చివరి ఆదివారం శీతకాలపు షెడ్యూలు మొదలవుతుంది. ఆ సీజనుకు ఢిల్లీ–ముంబై రూట్లో రద్దీ వేళల్లో నాలుగు జంటలను, హైదరాబాద్–ముంబైలో ఒక జంటను ప్రయోగంగా తీసుకోండి. నెలనెలా అయిదు అంకెలు ప్రకటించండి: స్లాటుకు ఎన్ని సీట్లు, స్టాండు మీద ఎన్ని నిమిషాలు, రన్‌వే ఖాళీ చేయడానికి ఎన్ని సెకన్లు, చివరి బ్యాగు బెల్టు మీదకు ఎప్పుడొచ్చింది, తిరుగు ప్రయాణం ఎంత ఆలస్యంగా కదిలింది. స్టాండు మీద సగటు 70 నిమిషాలు దాటిన జంటను మధ్యలోనే ఆపేసి పాత పద్ధతికి మార్చండి.

అరవై నిమిషాల లోపు బయల్దేరే జంటల జాబితా తయారు చేయడానికి కొత్త కమిటీ అక్కర్లేదు. ఆమోదించిన షెడ్యూలు ఇప్పటికే మీ దగ్గరుంది. సంస్థ పేరు, రూటు, బయల్దేరే వేళ అన్న మూడు వరుసలతో దాన్ని వడగడితే చాలు. ముందు ఆ జాబితా బయటపెట్టండి. స్టాండ్లు, బ్రిడ్జిల కేటాయింపు పట్టికను విమానాశ్రయాలు దాని పక్కన పెడితే, ఈ శీతకాలానికి ఏ జంటలు పనికొస్తాయో వాటిని చూసి తేల్చుకోవచ్చు.

ఇట్లు,
ర్యాంపు, లోడ్ కంట్రోల్, స్లాటు షెడ్యూలింగ్ పనుల్లో ఉన్న కొందరు తెలుగువాళ్ళం